బాగు చేయించాలా, మార్చేయాలా? మూడు ఊళ్ల బండి లెక్క

హిందూపురం బజారులో 'ఏపీ 02' నంబరున్న బండి కనబడితే దాని వయసు అడగనక్కర్లేదు. రాష్ట్రమంతటికీ ఒకే వరుస అంటూ 2019లో ఏపీ 39 మొదలయ్యాక కొత్త బళ్లకు 02 రావడం ఆగిపోయింది. ఆ నంబరున్నది స్కూటరైనా, కారైనా, ఆటో అయినా కనీసం ఆరేడేళ్లు తిరిగినదే అయ్యుంటుంది. 2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారినా, బళ్లు మాత్రం పాత అనంతపురం నంబరుతోనే తిరుగుతున్నాయి. పెళ్లి నాటి మోటారు సైకిలు, పిల్లలు బడికి పోయే రోజుల్లో కొన్న చిన్న కారు, అప్పు చేసి తెచ్చిన ట్రాలీ ఆటో, ఇలా వాటిలో చాలావరకు ఇప్పుడు షెడ్డుకీ ఇంటికీ మధ్య తిరిగే వయసులో ఉన్నాయి. ఇంజను పని చేయించి ఇంకొన్నాళ్లు నడుపుకోవాలా, వచ్చినకాడికి ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాలా అన్న చర్చ ఏదో ఒక ఇంట్లో రోజూ నడుస్తూనే ఉంటుంది.

ఈ చర్చలోకి ముందుగా వచ్చిపడేది భయం. "పదిహేనేళ్లు దాటితే బండిని తుక్కుకి వేసేయాల్సిందేనంట" అన్న మాట చాలామంది నోట వినబడుతోంది. అది ఢిల్లీ కబురు. అక్కడి గాలి కాలుష్యం వల్ల పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద కోర్టులు ఆంక్షలు పెట్టాయి. ఆ ఆంక్షలు ఆ ప్రాంతానివే, మనకు వర్తించవు. మన దగ్గర సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి, రుసుము కట్టి, ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఆటోలు, పికప్‌ల వంటి కిరాయి బళ్లకు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఉంటుంది. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ప్రతి ఏడూ చేయించాలి. బండి నిలకడగా ఉంటే చట్టం దాన్ని రోడ్డు మీద నుంచి తోసేయదు.

తోసేయదు గానీ, ఖర్చు పెంచుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన మోటారు సైకిల్ రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెయ్యి రూపాయలు, కారుకు 5,000 అయింది. అంతకు ముందు కారుకు 600 మాత్రమే ఉండేది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన బళ్లకు ఇంకా పెంచారు. ఇప్పుడు మోటారు సైకిల్‌కు 2,000, మూడు చక్రాల బండికి 5,000, కారుకు 10,000. ఇరవై ఏళ్ల పాత స్కూటర్‌కి రెండు వేలంటే, కొన్ని స్కూటర్లకు అమ్ముడుపోయే ధరలో అది పెద్ద భాగమే. అయినా ఐదేళ్లకు పంచి చూస్తే నెలకు ముప్పై మూడు రూపాయల చిల్లర. ఆ రుసుము చూసి జడిసి, బాగా నడిచే బండిని వదులుకోవడం తొందరపాటే అంటాను.

ఇక రెండో మాట. "రిపేరు బిల్లు బండి ధరలో సగం దాటితే అమ్మేయాలి" అని ఒక లెక్క చాలాకాలంగా చెలామణిలో ఉంది. వినడానికి బాగుంది, నేను మాత్రం ఒప్పుకోను. బండి ధర అంటే ఎదుటివాడు ఇచ్చే డబ్బు. రిపేరు వల్ల మనకు దక్కేది ఇంకొన్నేళ్ల తిరుగుడు. ఆ తిరుగుడు మరో దారిన కొనుక్కోవాలంటే ఎంతవుతుందో, దానితో పోల్చాలి రిపేరు బిల్లుని.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పదకొండేళ్ల కారు, అమ్మితే లక్షన్నర వస్తుంది. క్లచ్, సస్పెన్షన్, టైర్లు కలిపి మెకానిక్ డెబ్బై వేలు చెప్పాడు. సగం లెక్క ప్రకారం దాదాపు అమ్మేయాల్సిందే. కొత్తది ఎనిమిది లక్షలు అనుకుందాం. పాతదాని లక్షన్నర, చేతి నుంచి యాభై వేలు పోను ఆరు లక్షలు అప్పు. పది శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకు దాదాపు 12,750 కంతు. మొత్తంలో వడ్డీ లక్షా అరవై ఐదు వేలు. ఇన్సూరెన్సు పట్టిక ప్రకారమే ఐదో ఏడు నడుస్తుండగా బండి విలువ కొత్త ధరలో సగానికి పడిపోతుంది, అంటే నాలుగు లక్షలు పోయినట్టే. రోడ్డు పన్నునీ, ఎక్కువ ఇన్సూరెన్సునీ పక్కన పెట్టినా ఏటా లక్షా పదమూడు వేలు. పాత కారైతే ఇప్పుడు డెబ్బై వేలు, తర్వాత నాలుగేళ్లు ఏటా నలభై వేల చొప్పున రిపేర్లు, చివర్లో దాని విలువ ఇంకో లక్ష పడిపోవడం, అన్నీ కలిపి మూడు లక్షల ముప్పై వేలు. ఏటా అరవై ఆరు వేలు. తేడా ఏటా నలభై ఏడు వేలు.

ఇవి ఊహించుకున్న అంకెలు. ఎవరి బండికి వారు మార్చి వేసుకోవాలి. ఎలా మార్చినా ఒకటి తేలుతుంది. నోరు తెరిపించే బిల్లు వచ్చిన ఏడు కూడా పాత బండి కొత్తదాని కన్నా చవకే అవుతుంది, చాలావరకు. అందుకని ప్రశ్న ఇలా మారుతుంది: ఏటా ఆ నలభై ఏడు వేలు పెట్టి కొత్త బండిలో మనం కొంటున్నదేమిటి? అది మనకు అవసరమా?

జవాబు, నా ఉద్దేశంలో, బండి వయసు కన్నా అది తిరిగే దారి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈ మూడు ఊళ్లలో దారులు మూడు రకాలు.

ముందు రిపేరు వైపు మాట్లాడతాను, దానికి మన నేలే ఒక సాక్ష్యం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. రైతుకు శాపమైన ఈ పొడి గాలి ఇనుముకు మేలు చేసింది. విశాఖ, చెన్నై వైపు ఉప్పుగాలికి పదేళ్లకే కారు అడుగు రేకు పొరలు పొరలుగా రాలితే, ఇక్కడ పదిహేనేళ్ల బండి చాసిస్ కింద దూరి చూసినా చాలావరకు గట్టిగానే కనబడుతుంది. చాసిస్ గట్టిగా ఉన్న బండిలో మిగతావన్నీ విప్పి బిగించగలిగేవే. మన దగ్గర పోయేవి వేరే. ఎండకు రబ్బరు గొట్టాలు, బెల్టులు, టైర్ల పక్కలు పగులుతాయి. బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. దుమ్ముకి ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఇంజను ఊపిరాడక తన్నుకుంటుంది. ఇంకొకటి, రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు. మన బోరు నీళ్లలోని సున్నం లోపల గడ్డకట్టి, ఎండాకాలంలో ఇంజను కాగిపోయి హెడ్ గాస్కెట్ పేలేదాకా తెస్తుంది. అప్పుడు వచ్చే బిల్లుకి బండి ముసలితనాన్ని తిడతాం. తప్పు నీళ్లది.

రెండో బలం మన మెకానిక్కులు. 2020 ఏప్రిల్‌కి ముందు తయారైన, బీఎస్ 6 కాని ఇంజన్లను ఈ షెడ్డుల్లోని చేతులు పూర్తిగా ఎరిగినవి. శబ్దం విని చెబుతారు. "ఇంజను గట్టిగుందన్నా, రింగులు మాత్రం మార్చు, ఇంకో ఐదేండ్లు తిరుగుతాది" అని ఒకరు అంటే, ఆ మాట వెనక వందల ఇంజన్లు విప్పిన అనుభవం ఉంటుంది. కొత్త డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్లు, వరసగా సెన్సర్లు. ఏది చెడినా ముందు కంప్యూటరు పెట్టి చూడాలి. ఊర్లోపలే తక్కువ వేగంతో తిరిగే డీజిల్ బండికి ఆ మసి ఫిల్టరు మూసుకుపోవడం మామూలు, అది కాలి శుభ్రపడాలంటే హైవే మీద కాసేపు వేగంగా నడపాలి. మడకశిర పక్క పల్లెలో ఉండి వారానికోసారి సంతకు వచ్చే మనిషికి అలాంటి బండి అంటగడితే ఊరికే తలనొప్పి.

అన్ని పాత బళ్లూ ఒకటి కావు, అదీ నిజమే. కంపెనీయే దేశం విడిచి వెళ్లిన బళ్ల సంగతి వేరు. షెవ్రొలే 2017తో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి కార్లకు మామూలు సామాన్లు దొరికినా, ఒక్కో సెన్సరు కోసం, ఒక్కో బాడీ ముక్క కోసం బెంగళూరు అంగళ్లు వెతకాల్సి వస్తుంది. రిపేరు ఖర్చు కన్నా షెడ్డులో నిలిచిపోయే రోజులే అక్కడ బరువు.

ఏ రిపేరు ఒప్పుకోవాలి, దేన్ని చూసి దండం పెట్టాలి? టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, బ్రేకు షూలు, షాక్ అబ్జార్బర్లు అరిగే సామాన్లు, కొత్త బండికైనా కొన్నేళ్లకు పడే ఖర్చే. వాటి బిల్లు చూసి బండి అమ్మితే మనం డబ్బు పెట్టే వేళకి అవతలివాడికి లాభం చేసినట్టు. సైలెన్సర్ నుంచి నీలం పొగ, వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఇంజనాయిలు తాగడం, గేరు జారిపోవడం, ప్రమాదంలో వంగిన చాసిస్, ఎక్కడెక్కడో అతుకులేసిన వైరింగ్, ఇవి వేరే జాతి. ఇందులో రెండు కలిసొస్తే, ఎంత మంచి మెకానిక్ అయినా ఒకటి సరిచేసేలోపు ఇంకొకటి లేస్తుంది. షెడ్డు బిల్లులు దాచుకునే అలవాటు ఉంటే ఒకసారి తీసి చూడండి. అదే జబ్బు మళ్లీ మళ్లీ కనబడితే ఆ బండికి మందు దొరకలేదని అర్థం. ఇప్పటికే ఎంత పోశామో మాత్రం ఈ నిర్ణయంలో లెక్కలోకి రాకూడదు. "పోయినేడే నలభై వేలు పెట్టినా, ఎట్ల ఇడిసిపెడతా" అనేవాళ్లు ఆ నలభై వేలని వెనక్కి తెచ్చుకోలేరు, ఇంకో నలభై పోగొట్టుకోగలరు.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం కూడా పాత బళ్ల వైపు నుంచి తీసివేతే. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన ప్రణాళికలోనే, పాత తరహా కార్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని రాశారు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారు ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే, ఆరు శాతం తగ్గినా నలభై లీటర్ల పైచిలుకు అదనం. పాత రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు ముందుగా మార్చుకోవాల్సి రావచ్చు. లెక్కలో వేసుకోవాల్సిన ఖర్చే, అయినా కారు మార్చేంతటిది కాదు.

ఇక పెనుకొండ. 44వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనే పోతుంది. దానికి ఆనుకుని ఎర్రమంచిలో కియా కర్మాగారం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ అక్కడి నుంచే బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల చోటు. ఆ కార్లు నిత్యం లారీలెక్కి పోతుంటే, అదే రోడ్డు మీద కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా బెంగళూరుకు పాత కార్లలో కుటుంబాలు పోతుంటాయి. ఆసుపత్రికి, పిల్లల కాలేజీకి, ఆదివారం బంధువుల ఇంటికి. ఈ దారి మీద తిరిగేవాళ్ల దగ్గర నా తూకం మారుతుంది.

ఎందుకంటే రిపేరు చేయించి తెచ్చుకోలేనిది ఒకటుంది, అది భద్రత. దేశంలో అన్ని కొత్త కార్లకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై 1 నుంచి. చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు కూడా ఆ ఏడాది ఏప్రిల్ నుంచే. ముందు సీటులో పక్కన కూర్చునేవారికి ఎయిర్‌బ్యాగ్ 2022 నుంచి అన్ని కార్లకూ వచ్చింది. అంటే 2012లోనో 2014లోనో కొన్న చవక మోడల్ కారులో ఇవేవీ ఉండకపోవడమే ఎక్కువ. క్లచ్ మార్చవచ్చు, ఇంజను బోరు చేయించవచ్చు, ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఏ షెడ్డులోనూ బిగించి ఇవ్వరు. నాలుగు వరుసల రోడ్డు మీద వంద వేగంతో, ముందు ఆగి ఉన్న లారీ రాత్రి పూట కనబడని దారిలో, నలుగురిని ఎక్కించుకుని నెలకు రెండు మూడు సార్లు పోయే కుటుంబానికి ఆ ఏటా నలభై ఏడు వేలు దండుగ అని నేననలేను. అంత తాహతు లేకపోతే, 2020 తర్వాతి చిన్న కారు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం, లేదా దూర ప్రయాణాలకు బస్సో రైలో పట్టుకుని పాతదాన్ని ఊర్లోకే ఉంచుకోవడం. ఈ రెండో దారి చాలామందికి తోచదు, తోచినా నామోషీ అనుకుంటారు. హిందూపురం నుంచీ, ధర్మవరం నుంచీ రైళ్లున్నాయి. బండి ఇంట్లో ఉందని ప్రతి చోటికీ దానిమీదే పోవాలని ఎవరూ శాసించలేదు.

హిందూపురం లెక్కలో ఇంకో బరువు పడుతుంది. ఇక్కడి పట్టుగూళ్ల మార్కెట్‌కి చుట్టుపక్కల మండలాల రైతులు సరుకు తెస్తారు, మంచి ధర వస్తుందనుకుంటే సరిహద్దు దాటి శిడ్లఘట్టకూ, బెంగళూరు అవతలి రామనగరకూ తీసుకెళ్తారు. పట్టుగూడు నిలవ ఉండే సరుకు కాదు. ఆలస్యమైతే తేమ ఆరి తూకం తగ్గుతుంది, ఇంకా ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుంటుంది, అప్పుడది దారం తీయడానికి పనికిరాదు. వేలం వేళకు చేరకపోతే ఆ రోజు ధర పోయినట్టే. అలాంటి సరుకు మోసే పాత పికప్ దారిలో ఆగిపోతే అయ్యే నష్టం మెకానిక్ బిల్లులో కనబడదు. టో చేయించిన కూలి, వేరే బండి కిరాయి, తగ్గిన ధర, ఆపైన "వీడి బండి నమ్మకం లేదు" అన్న పేరు. కిరాయి బండికి పేరు పోతే రైతు మరుసటిసారి పక్క బండిని పిలుస్తాడు. బెల్లం, చింతపండు మోసే బండి ఒకరోజు ఆలస్యమైనా సరుకు పోదు, పట్టుగూళ్ల బండికి ఆ వెసులుబాటు లేదు. సరుకు పాడయ్యే కిరాయి చేసేవాళ్లు బండిని కాస్త ముందే మార్చడం మేలనిపిస్తుంది నాకు. అప్పటిదాకా రిపేర్లు కూడా బండి ఆగాక కాదు, ఆగకముందే చేయించాలి. టైమింగ్ బెల్టు కిలోమీటర్ల లెక్క ప్రకారం మార్చాలి, తెగేదాకా ఎదురుచూడకూడదు.

ధర్మవరం ఆటోల సంగతి వీటన్నిటికన్నా కష్టమైనది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను. పట్టుచీరల ఊరు. రైల్వే జంక్షను. స్టేషను నుంచి బస్టాండుకి, మగ్గాల వీధులకి, చుట్టుపక్కల పల్లెలకి జనాన్ని చేర్చేది ఆటోలే. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. చేనేత కూలి ఇళ్ల ఆడవాళ్లకు అది నిజమైన మేలు, దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. అదే సమయంలో పల్లె దారుల్లో షేర్ ఆటోకి ఎక్కే సవారీలో ఆడవాళ్లే ఎక్కువ. ఆ సవారీ బస్సులకు మళ్లడం వల్ల వచ్చే నష్టానికి ఊరటగా ప్రభుత్వం ఆ అక్టోబరు 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో సొంత ఆటో ఉన్న ఒక్కొక్కరికి 15,000 ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకు ముందు ప్రభుత్వం 2019 అక్టోబరు 4న మొదలుపెట్టిన వాహనమిత్రలో పదివేలు ఇచ్చేవారు, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, రిపేర్ల కోసమని. రెండు ప్రభుత్వాలూ ఆటోవాడికి ఇచ్చింది పాత బండిని నిలబెట్టుకునే డబ్బే. కొత్తది కొనే డబ్బు కాదు.

అలాంటి మనిషి ముందు ఇప్పుడు రెండు దారులు. ఇంజను పూర్తిగా విప్పి చేయిస్తే ముప్పై ఐదు వేలు అనుకుందాం. లేదా పాతది ఇచ్చేసి, రెండున్నర లక్షలు ఫైనాన్స్ తీసుకుని కొత్త ఆటో. పద్నాలుగు శాతం వడ్డీకి నాలుగేళ్లంటే నెలకు దాదాపు 6,830 కంతు. నెలకు ఇరవై ఆరు రోజులు తిప్పినా రోజుకు 260 రూపాయల పైన ఫైనాన్స్‌కే పోతుంది, డీజిలు, ఇల్లు దాని తర్వాత. ముప్పై ఐదు వేలంటే ఐదు కంతులు. ఆ పని చేయించిన ఇంజను ఐదు నెలలు దాటి నడిచిందంటే, ఆపైన నడిచే ప్రతి నెలా కంతు డబ్బు జేబులోనే ఉన్నట్టు. ఇంకొకటి, రిపేరు ఖర్చు ఒకసారి పెట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. కంతు మాత్రం జ్వరం వచ్చిన నెల, కూతురి పెళ్లి నెల, వానకు సవారీ లేని నెల కూడా అడుగుతుంది. సవారీ ఎంత వస్తుందో తేలని ఇలాంటి కాలంలో రాబడి కుదురుకునే దాకా అప్పు ఎత్తకుండా ఉండమనే నా సలహా.

అటువైపు కూడా బలమైన మాటలున్నాయి, వినాలి. బడి పిల్లల్ని నెలవారీగా ఎక్కించుకునే ఆటో పొద్దున ఏడింటికి స్టార్ట్ కాకపోతే, రెండోసారి తల్లిదండ్రులు వేరే ఆటో మాట్లాడుకుంటారు. నెలవారీ సవారీ పోతే ఆ లోటు చిన్నది కాదు. పైగా అందులో ఎక్కేది పిల్లలు. బ్రేకు అనుమానంగా ఉన్న ఆటోని, డబ్బు మిగులుతుందని ఇంకో ఏడు తిప్పడాన్ని ఏ లెక్కా సమర్థించదు. కొత్త ఆటోలో మైలేజీ మెరుగ్గా ఉండి, రోజంతా తిరిగేవారైతే ఆ మిగులు కంతులో కొంత భాగం తీర్చేస్తుంది కూడా. రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరిగే ఆటోకి, నలభై కిలోమీటర్లు తిరిగే ఆటోకి జవాబు ఒకటి కాదు. బ్యాటరీ ఆటోలు కూడా ఈ లెక్కలోకి వస్తున్నాయి, ఊర్లోపల తిరిగేవాళ్లకు. ఛార్జింగ్ ఎక్కడ, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు అన్నది కాగితం మీద చూసుకున్నాకే అటు చూడాలి.

మార్చాలని తేల్చుకున్నాక అసలు బేరం మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లు, 350 సీసీ దాకా మోటారు సైకిళ్లు, ఆటోల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బళ్లు చవకయ్యాయి, నిజమే. స్పేర్ పార్టుల మీద కూడా 18 శాతానికే వచ్చింది కాబట్టి రిపేరు కూడా చవకైంది. ట్రాక్టరు మీద 12 నుంచి 5కి, దాని టైర్లు, పార్టుల మీద 18 నుంచి 5కి దిగింది. ఇంకో సంగతి జనం మరిచిపోతారు. కొత్తదాని ధర తగ్గితే దానికి తగ్గట్టు పాతదాని ధర కూడా తగ్గుతుంది. షోరూమ్‌లో మిగిలే లాభం, మన పాత బండి అమ్మకంలో కొంత కరిగిపోతుంది.

ఎక్స్‌ఛేంజ్‌లో మూడు ధరలు విడివిడిగా అడిగి తెలుసుకోవాలి. బయట అమ్మితే ఎంత, షోరూమ్‌లో మార్చుకుంటే బోనస్‌తో కలిపి ఎంత, పాత బండి ఇవ్వకుండా కొత్తది కొంటే ఎంత తగ్గిస్తారు. ఈ మూడూ కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే, పాతదానికి ఎక్కువ ఇచ్చినట్టు చూపించి కొత్తదాని మీద తగ్గింపు కోసేసిన సంగతి బయటపడుతుంది. బయట అమ్మకంలో ఎక్కువ వస్తుంది గానీ తిరుగుడు, బేరాలు, కాగితాల బాధ్యత మనవి. షోరూమ్ ఇచ్చే తక్కువలో ఆ శ్రమకు కూలి ఉంది. ఎంత తక్కువో తెలుసుకుని ఒప్పుకుంటే తప్పులేదు.

కొనేవాడే రాని బండి అయితే గుజిరీ అంగడికి తోయకుండా, ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. 2021 ఆగస్టులో మొదలైన తుక్కు విధానం ప్రకారం ఆ సర్టిఫికెట్ చూపితే కొత్త బండి రిజిస్ట్రేషన్ రుసుము లేకుండా, సొంత బండికి 25 శాతం దాకా, కిరాయి బండికి 15 శాతం దాకా రోడ్డు పన్ను తగ్గించే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. అందులో నాకొక కలత కూడా ఉంది. 2009లో అమెరికా ఇలాంటి పథకం పెట్టి 300 కోట్ల డాలర్లతో దాదాపు 6 లక్షల 77 వేల పాత బళ్లను తుక్కు చేసింది. తిరిగి వాడకుండా ఇంజన్లలోకి సోడియం సిలికేట్ పోసి చంపారు. నడిచే బళ్లు కూడా అలా పోతే చవక బండి కోసం ఎదురుచూసే పేదవాడికి దొరికేవి తగ్గుతాయి. హిందూపురంలో ఒకరు వదిలిన కారు ఏ రొళ్ల దగ్గరో, అమరాపురం దగ్గరో ఇంకొకరికి మొదటి కారు అవుతుంది. ఆ గొలుసు తెగకూడదు. పొగ కక్కే, బ్రేకు పట్టని బళ్లే తుక్కుకి పోవాలి, నిలకడగా ఉన్నవి చేతులు మారాలి.

బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్ తెచ్చుకోవడం మన వాళ్లకు దగ్గరి దారి. బళ్లెక్కువ, ధర అందుబాటు. కేఏ నంబరుతో పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిప్పాలంటే మాత్రం చట్టం ప్రకారం ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, మన రాష్ట్రపు లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35, బాకీ ఉన్న చలానాలు, ఇవన్నీ చూడకుండా అడ్వాన్సు ఇచ్చినవాళ్లకి ధరలో మిగిలిన డబ్బు కాగితాల్లో పోతుంది.

అమ్మేవారికి ఇంకా పెద్ద జాగ్రత్త ఉంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన కారు, రికార్డులో మాత్రం మొదటి యజమాని పేరే. ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. ఆర్‌సీలో ఎవరి పేరుందో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అని కోర్టు తేల్చింది. కారు తన చేతిలో లేకపోయినా సరే. మన ఊళ్లలో తెలిసినవాడికేగా అని తాళం, ఖాళీ ఫారం మీద సంతకం ఇచ్చేసి మరిచిపోయేవాళ్లు ఎందరో. బండి అమ్మిన పద్నాలుగు రోజుల్లో అమ్మినవారు, ముప్పై రోజుల్లో కొన్నవారు రవాణా శాఖకు తెలపాలి. 2023 ఏప్రిల్ నుంచి అధీకృత పాత బళ్ల డీలరుకు అప్పగించినట్టు నమోదు చేయిస్తే అక్కడి నుంచి బాధ్యత డీలరుదే అవుతుంది, కాబట్టి ఆ నమోదు జరిగిందో లేదో అడిగి చూసుకోవాలి. ఫారం 29, 30 మీద పూర్తిగా నింపాకే సంతకం పెట్టాలి. కొన్నవారి గుర్తింపు కాగితం నకలు, అప్పగించిన తేదీ, గంట రాసిన రశీదు దగ్గర పెట్టుకోవాలి. పరివాహన్ పోర్టల్‌లో కొత్త యజమాని పేరు కనబడేదాకా ఇన్సూరెన్సు ఆపించుకోకూడదు.